కూనపులి కథ పటానికి పెట్టె కట్టడం: పని డైరీ

బడిలోనో గ్రంథాలయంలోనో కుల పురాణం పటం (కథ చెబుతూ విప్పి చూపే బొమ్మల గుడ్డ చుట్ట) ఒకటి ప్రదర్శనకు పెట్టాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పని ఎలా మొదలైందో, ఎవరెంత సంబరపడ్డారో వదిలేస్తున్నాను. కొలతలు, పాడైనవి, మార్చినవి, ఎందుకు మార్చామన్నది మాత్రమే ఉంటుంది.

దశ 1: పటం, గోడ

పటం మార్కండేయ పురాణానిది. పద్మశాలీలకు కూనపులి అనే కథకుల కుటుంబాల వాళ్లు చెప్పే కథ ఇది. మార్కండేయుడి కొడుకు భావనారుషి తామర తూడు నారతో మొదటి బట్ట నేసి దేవతలకు ఇవ్వడం, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడడం ఇందులో ముఖ్య ఘట్టాలు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ చిత్రకారుల చేత కొత్తగా వేయించాం. ఖర్చంతా మా ఊరి పద్మశాలి సంఘం పెట్టుకుంది.

- వెడల్పు: 36 అంగుళాలు
- పొడవు: 15 అడుగులు
- ఒక్కో వరస: 14 అంగుళాల బొమ్మ, కింద 2 అంగుళాల పూల పట్టీ
- వరసలు: 11 (మొత్తం 14 అడుగుల 8 అంగుళాలు, మిగిలిన 4 అంగుళాలు రెండు చివర్ల అంచు)

కథకులు ఊళ్లలో విప్పే పటాలు 40 అడుగులు దాటి ఉంటాయి, 60 అడుగులవీ ఉన్నాయి. కథ కొన్ని రాత్రుల పాటు సాగుతుంది. మాది ఎంచిన ఘట్టాలతో చేసిన పొట్టి పటం. ఆ మాట బోర్డు మీద కూడా రాయాలని మొదటే అనుకున్నాం.

గది గ్రంథాలయం వెనక హాలు. గోడ ఎత్తు 10 అడుగుల 4 అంగుళాలు. 15 అడుగుల పటం నిలువుగా దాని మీద పట్టదు.

దీనికి మొదట వచ్చిన సలహా, పటాన్ని మూడు ముక్కలు చేసి మూడు ఫ్రేముల్లో పక్కపక్కన బిగించమని. ఇది కొత్త ఆలోచన కాదు. పాత పటాలు చాలా చోట్ల ఇలాగే ముక్కలై, వరసకో ఫ్రేము చొప్పున గోడలకు ఎక్కాయి. ఒక్క వరసని విడిగా చూస్తే ఎర్రటి నేల మీద కొన్ని బొమ్మలు కనిపిస్తాయి, అంతే. ఆ వరసలో భావనారుషి ఎక్కడి నుంచి వస్తున్నాడో పై వరసలో ఉంటుంది, ఎక్కడికి పోతున్నాడో కింది వరసలో ఉంటుంది. కోసిన పటంతో కథ చెప్పలేం. పెట్టాలంటే కోయకుండానే పెట్టాలని తేల్చుకున్నాం. అంటే రెండు రోలర్ల మధ్య చుట్టుకుంటూ నడిచే పెట్టె కావాలి.

దశ 2: నమూనా గుడ్డ, పగుళ్లు

అసలు పటం మీద ప్రయోగాలు చేయకూడదు. అందుకని అదే రకం పూతతో నమూనా ముక్కలు తయారుచేశాం. మీరూ ఈ పని వదిలెయ్యకండి.

1. ముతక ఖాదీని గంజి పోయేదాకా ఉతికి నీడలో ఆరబెట్టాలి. ముడతలు ఉండకూడదు.
2. చింతగింజల్ని వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. నీళ్లు పోసి, అడుగంటకుండా కలుపుతూ జారుగా అంబలి కాచాలి.
3. తెల్ల సుద్దని జల్లించి, బియ్యం గంజి, బంక నీళ్లు చేర్చి, చింతగింజల అంబలితో కలపాలి.
4. మూడు పూతలు వేయాలి. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి.
5. ఆరిన గుడ్డని నున్నటి రాయితో రుద్ది చదును చేయాలి.

చిత్రకారులు తమ పాళ్లు చేతి అలవాటుతో చూసుకుంటారు, గ్లాసులతో కొలవరు. మాకు అంకెలు కావాలి కాబట్టి మూడు రకాలుగా కలిపి, ఒక్కో ముక్కని మూడు సైజుల పీవీసీ పైపుల మీద చుట్టి, రాత్రంతా ఉంచి, విప్పి భూతద్దంతో చూశాం.

- సుద్ద 3 పాళ్లు, అంబలి 1 పాలు: 2 అంగుళాల పైపు మీద పూత పెచ్చులుగా లేచింది. 3 అంగుళాల పైపు మీద అడ్డంగా పగుళ్లు. 4 అంగుళాల పైపు మీద కూడా వెంట్రుక పగుళ్లు.
- సుద్ద 2, అంబలి 1: 2 అంగుళాల మీద పగుళ్లు. 3 అంగుళాల మీద అక్కడక్కడ గీతలు. 4 అంగుళాల మీద ఏమీ లేదు.
- సుద్ద 1, అంబలి 1: ఎక్కడా పగల్లేదు. కానీ ముసురు పట్టిన రోజున పొరలు ఒకదానికొకటి అంటుకున్నాయి. పైగా తిండి పదార్థం ఎక్కువైతే వెండిపురుగు వదలదు.

చిత్రకారుడు అంచు నుంచి కత్తిరించి ఇచ్చిన సన్న పేలికని కూడా ఇలాగే పరీక్షించాం. అది రెండో రకంలా నడిచింది. పైపు సైజు దాంతో ఖాయమైంది: 4 అంగుళాలు, అంటే దుకాణాల్లో 110 మిల్లీమీటర్ల పైపని అడిగేది. దాని చుట్టుకొలత 34.5 సెంటీమీటర్లు, కాబట్టి 15 అడుగుల పటం సుమారు 13 చుట్లు తిరుగుతుంది.

చుట్టే దిశ ఇంకా ముఖ్యం. బొమ్మ లోపలికి ఉండేలా చుడితే రంగు రక్షణగా ఉంటుందని అందరికీ తోస్తుంది. నిజానికి అలా చుడితే రంగు పొర ఒత్తుకుపోయి, విప్పేటప్పుడు లేస్తుంది. బొమ్మ బయటికి ఉండాలి. మా నమూనాల్లో ఒకే పైపు మీద రెండు వైపులా చుట్టి చూస్తే, లోపలికి చుట్టిన ముక్కలోనే పెచ్చులు ఎక్కువ.

పిల్లలతో ఈ పని చేయించే ఉపాధ్యాయులకు ఒక మాట. పాత పటాల్లో ఎర్ర నేలకు ఇంగిలీకం నూరేవాళ్లు. అది పాదరసం ఉన్న ఖనిజం. నమూనాలకు మేం జాజు వాడాం. ఇంగిలీకం పిల్లల చేతికి ఇవ్వకండి.

ఖర్చు: ఖాదీ, గింజలు, సుద్ద, బంక 1,220 రూపాయలు, పైపులు 960. ఇప్పటిదాకా: 2,180. పటం వెల బొమ్మల్ని బట్టి మారుతుంది కాబట్టి ఈ లెక్కలో కలపడం లేదు.

దశ 3: పెట్టె

1. పాత తలుపు టేకుతో 48 అంగుళాల వెడల్పు, 66 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల లోతు పెట్టె. కొత్త ప్లైవుడ్‌తో మొదట ఒక చిన్న నమూనా కట్టి మూసి ఉంచితే, తెరిచినప్పుడు జిగురు ఘాటు కళ్లు మండేలా వచ్చింది. ఆ ఆవిరి మూసిన పెట్టెలో రంగుల మీదా గుడ్డ మీదా పనిచేస్తుంది. అందుకే ఎండిన పాత కలప.
2. పైన ఒకటి, కింద ఒకటి 40 అంగుళాల రోలర్లు. పైపు చివర్లలో చెక్క బిళ్లలు, మధ్యలో ఇనుప ఇరుసు, రెండు వైపులా బేరింగులు.
3. పైపుకి పటాన్ని నేరుగా మేకు కొట్టకూడదు, అంటించకూడదు. పటం రెండు చివరలకూ రెండేసి అడుగుల సాదా ఖాదీ కుట్టి, ఆ ఖాదీని పైపుకి బిగించాం. లాగుడంతా ఖాదీ మీద పడుతుంది.
4. గుడ్డ రెండు రోలర్లకూ ముందు వైపు నుంచే నడవాలి. వెనక వైపు నుంచి దిగితే బొమ్మ లోపలికి చుట్టుకుంటుంది.
5. ముందు కిటికీ 32 అంగుళాల ఎత్తు. రెండు వరసలు కనిపిస్తాయి.
6. పెట్టె అడుగున, పటానికి తగలకుండా, గుడ్డ సంచిలో వసకొమ్ము, పురుగు రాకుండా. తాళపత్రాల పెట్టెల్లో పెద్దవాళ్లు పెట్టేదే.

కిటికీకి మొదట అక్రిలిక్ షీటు బిగించాం, తేలిక అని. దాన్ని గుడ్డతో తుడిచినప్పుడల్లా స్థిర విద్యుత్తు పుట్టి కాగితం పేలికల్ని లాక్కుంటోంది. బంక తక్కువై రంగు కాస్త పొడిబారిన చోట అది రంగునే లాగగలదు. తీసేసి 4 మిల్లీమీటర్ల గాజు తలుపు పెట్టించాం.

చేతి కర్ర ఒక్క రోలర్‌కే ఉంటే, తిప్పినప్పుడు రెండోది తనంతట తాను జారి గుడ్డ వదులై మడత పడింది. రెండు రోలర్లకూ కర్రలు పెట్టి, ఇద్దరు తిప్పేలా మార్చాం. ఒకరు చుడుతుంటే ఇంకొకరు ఆపుతూ వదలాలి. పని నెమ్మదించింది, కానీ కథ చెప్పేవాళ్లకు అదే నప్పింది. ఒక వరసకీ ఇంకో వరసకీ మధ్య పాట పడుతుంది కదా.

ఖర్చు: కలప 6,500, వడ్రంగి కూలి 4,800, బేరింగులు 640, కర్రలు 250, గాజు 1,150. కలిపి 13,340. ఇప్పటిదాకా: 15,520.

దశ 4: కథకుడు చూశాక మారినవి

ఈ దశ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. పెట్టె సరిగ్గా తిరిగాక కూనపులి కథ చెప్పే పెద్దాయన్ని పిలిచి చూపించాం. అప్పటికి మా ఆలోచన, పెట్టె పొద్దస్తమానం తెరిచే ఉంటుంది, లైట్లు వెలుగుతుంటాయి, వచ్చిపోయేవాళ్లు చూస్తారు, వారానికొక వరస మారుస్తాం అని.

ఆయన కిటికీలోకి చూసి అడిగిన మొదటి మాట: "కథ ఒడిసినంక గూడ గిట్ల ఇప్పే ఉంచుతరా బిడ్డా?"

"అవు తాతా, వచ్చినోళ్లు చూడాలె గదా" అన్నాను.

"చెప్పెటోడు లేకుంట జూసి ఏం జేస్తరు?"

ఆయన కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. ఆ తర్వాత చాలాసేపు కూర్చుని ఆయన చెప్పినవి వరసగా రాసుకున్నాను:

1. పటం విప్పే ముందు పూజ ఉంటుంది. దానికి ముందు అది చుట్టి పెట్టిన మూట. కథ జరిగినంతసేపు అందులో దేవుడున్నట్టే. ముగిశాక మళ్లీ చుడతారు.
2. ఏ ఊరి పద్మశాలీలకు ఏ కుటుంబం కథ చెప్పాలో హక్కు ఉంటుంది. దాన్ని మిరాశి అంటారు. పటం విప్పడమంటే ఆ హక్కుతో నిలబడి విప్పడమే. డబ్బిచ్చి కొన్నంత మాత్రాన ఆ హక్కు రాదు.
3. పటం చిరిగి మాసిపోతే కొత్తది వేయిస్తారు. కొత్తది వచ్చాక పాతదాన్ని పూజ చేసి నదిలో వదిలేస్తారు.

మేం ముందు గీసుకున్న పథకంలో ఈ మూడూ లేవు. ఎప్పుడైనా, ఎవరైనా చూడొచ్చు. ఎప్పటికీ ఉంటుంది. ప్రదర్శనశాల అంటే ఈ మూడు అలవాట్లూ కలిసిందే. అవి ఎంత మామూలైపోయాయంటే, అవి కూడా ఒక నమ్మకమే అని తట్టదు. ఒక నమ్మకంతో పుట్టిన బొమ్మని ఇంకో నమ్మకం ఇంట్లోకి తీసుకొచ్చి, మొదటిదాని నియమాలు తీసేసి, "కాపాడాం" అని బోర్డు పెడతాం. బొమ్మ సొంతదారుల చేతి నుంచి జారిపోవడానికి దొంగతనం ఒక్కటే దారి కాదు. ఇలా మర్యాదగా గోడకెక్కించడం కూడా ఒక దారే.

మార్పులు:

- పెట్టె మూసే ఉంటుంది. మామూలు రోజుల్లో వచ్చినవాళ్లకు గాజు మీద మూసిన టేకు తలుపూ, పక్కన బోర్డూ కనిపిస్తాయి.
- కథ ఉన్న ఆదివారాల్లో రెండు గంటలు తెరుస్తారు. తెరిచేది కథకులే. తాళం చెవి ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి సంఘం దగ్గర. గ్రంథాలయం దగ్గర లేదు.
- కథ ముగిశాక రోలర్లు వెనక్కి తిప్పి మొదటి ఖాదీ దాకా చుట్టేస్తారు.

"మూసిన పెట్టె చూడ్డానికి ఎవరొస్తారు" అని గ్రంథాలయం వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. దానికి మా దగ్గర జవాబు లేకపోలేదు, అది తర్వాతి దశలో ఉంది.

దశ 5: వెలుతురు

బట్ట మీద బొమ్మలకు ప్రదర్శనశాలలు పాటించే వెలుతురు హద్దు 50 లక్స్. ఫోన్ యాప్‌తో కొలిస్తే పెట్టె ముందు 120 చూపించింది. అడిగి తెచ్చుకున్న లక్స్ మీటర్ అదే చోట 86 చూపించింది. యాప్‌ని నమ్మకండి. ఎల్ఈడీ పట్టీలకు డిమ్మర్ పెట్టి, మధ్యలో 50, మూలల్లో 42 వచ్చేలా తగ్గించాం. వెచ్చని కాంతి పట్టీలే తీసుకోండి, తెల్లటి కాంతిలో ఎర్ర నేల బూడిద పట్టినట్టుంటుంది.

ఇప్పుడు లెక్క.

- రోజంతా తెరిచి ఉంటే: 50 లక్స్ × 8 గంటలు × 300 రోజులు = ఏడాదికి 1,20,000 లక్స్ గంటలు
- ఆదివారం కథప్పుడే తెరిస్తే: 50 × 2 × 52 = 5,200 లక్స్ గంటలు

ఈ రెండో అంకె కూడా పటం మొత్తానికి కాదు. పదకొండు వరసల్లో ఒకసారి రెండే బయటికి కనిపిస్తాయి, మిగతావి చుట్టలోనే. కథ అయ్యాక చుట్టెయ్యాలన్న నియమం రంగుని మన మీటర్ల కంటే బాగా కాపాడుతుంది. అభ్యంతరం చెప్పినవాళ్లకు ఈ కాగితం చూపించాక మాట మారింది. ఇందులో నాకు కొంచెం బాధ ఉంది. కథకుడి మాటకి లేని బరువు లక్స్ గంటలకు వచ్చింది. కానీ పని ముందుకు నడిచింది.

తేమ: ముసురు రోజుల్లో గదిలో 81 శాతం. పెట్టెలో 74. బూజు పట్టకుండా 65 లోపు ఉంచాలనుకున్నాం. పెట్టెని గోడకి ఆనించకుండా 3 అంగుళాలు ముందుకు జరిపి, వెనక పలకలో పైనా కిందా జాలీ పెట్టిన చిన్న కంతలు తీశాం. 68కి దిగింది. అంతకంటే దిగలేదు. ఈ సమస్య ఇంకా తీరలేదు.

ఖర్చు: లైటు పట్టీలు 1,300, డిమ్మర్ 700, తేమ మీటర్ 450. కలిపి 2,450. ఇప్పటిదాకా: 17,970.

దశ 6: పక్క గోడ

మూసిన పెట్టె పక్కన, ఇతర చోట్ల ఇలాంటి బొమ్మలకు ఏమైందో చెప్పే బోర్డులు పెట్టాం. ఒక్కోటి 18 × 24 అంగుళాలు. ఎక్కువ పెడితే ఎవరూ చదవరు కాబట్టి నాలుగే.

జూనీ బోర్డు. అమెరికాలోని న్యూ మెక్సికోలో ఉండే జూనీ ఆదివాసులు శీతాకాలపు అయనాంతం వేళ అహయూదా అనే జంట దేవతల్ని కొయ్యతో చెక్కి, ఆరుబయట గుళ్లలో నిలుపుతారు. కొత్తవి వచ్చాక పాతవి అక్కడే ఎండకీ వానకీ కరిగి మట్టిలో కలవాలి. వాటిని ఎవరో ఎత్తుకెళ్లగా, చేతులు మారి మ్యూజియాలకు చేరాయి, అక్కడ వాటిని జాగ్రత్తగా నిలవ పెట్టారు. జూనీలు 1978 నుంచి అడగడం మొదలుపెట్టారు. డెన్వర్ ఆర్ట్ మ్యూజియం 1980లో, స్మిత్సోనియన్ 1987లో తిరిగిచ్చాయి. వచ్చిన విగ్రహాల్ని వాళ్లు మళ్లీ ఆరుబయటే పెట్టారు, నశించడానికే. నాలుగింటిలో నాకు బాగా నచ్చింది ఇదే. పెద్దాయనకి చదివి వినిపిస్తే, వెంటనే మా పటాలు నదిలో వదిలినట్టే కదా అన్నారు. ఏటా వినాయకుణ్ణి నీళ్లలో కలిపే మనకి ఇది వింత కాదు.

వార్లీ బోర్డు. మహారాష్ట్ర వార్లీ ఆదివాసుల పెళ్లింట గోడ మీద చౌక్ అనే చతురస్రపు బొమ్మ వేసేది సువాసినులు. మధ్యలో పాలఘాట్ దేవత ఉంటుంది. 1970ల్లో ఆ గీత కాగితం మీదికి వచ్చాక జివ్యా సోమా మశే పేరు ప్రపంచమంతా తెలిసింది, 2011లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆ సమాజంలోని మనిషే, తన చేతి విద్యని తనకు తోచిన దారిలో నడిపించాడు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. మనం చూడాల్సింది ఇంకొకటి. ఇప్పుడు మన ఊళ్లలోనూ కాంపౌండ్ గోడల మీద, చేతి సంచుల మీద గుండ్రంగా ఆడుతున్న ఆ గీతల మనుషులు కనిపిస్తారు. పాలఘాట్ దేవత కనిపించదు, చౌక్ వేసిన స్త్రీల ఊసూ ఉండదు.

మిథిల బోర్డు చిన్నది. బిహార్‌లో పెళ్లింటి కోహ్‌బర్ (కొత్త దంపతుల) గది గోడల మీది బొమ్మలు 1966–67 కరవు తర్వాత కాగితాల మీదికి వచ్చాయి. అఖిల భారత హస్తకళల బోర్డు కాగితాలిచ్చి అమ్మకానికి వేయించింది. కరవులో ఆడవాళ్ల చేతికి డబ్బొచ్చింది. ఇది కూడా రాశాం, ఎందుకంటే బొమ్మ చోటు మారిన ప్రతిసారీ అది దోపిడీయే అనడం అబద్ధం అవుతుంది.

చందవరం బోర్డు. ప్రకాశం జిల్లా గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్థలం ఉంది. అక్కడి నుంచి దొంగలు ఎత్తుకెళ్లిన సున్నపురాయి ఫలకాన్ని 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొన్నది. దానితో వచ్చిన పాత యాజమాన్యపు కాగితాలు కల్పితాలు. అది చందవరంలో ఉన్నప్పటి ఫొటోలు బయటపడ్డాక, 2016లో తిరిగిచ్చింది. బుద్ధుణ్ణి కొలిచే మనుషులు చెక్కి ఉన్న రాయి అది. గ్యాలరీలో దాన్ని చూసినవాళ్లకు గుండ్లకమ్మ గురించి తెలిసే దారే లేదు.

చందవరం నుంచి మా పనికి పనికొచ్చిన పాఠం ఫొటో. దాంతో పటం మొత్తాన్ని, వరస తర్వాత వరస, పక్కన స్కేలు పెట్టి తీశాం. ప్రతి మరకా, కుట్టూ, వెనక వైపు నేత కూడా విడిగా. రెండు ప్రతులు: ఒకటి సంఘం బీరువాలో, ఒకటి కథకుల ఇంట్లో.

ఖర్చు: బోర్డుల అచ్చు 2,600, పెన్‌డ్రైవులు 1,200. కలిపి 3,800. ఇప్పటిదాకా: 21,770.

దశ 7: పటం పక్కన బోర్డు

చిన్న పని అనుకుంటాం. అన్నిటికంటే ఎక్కువ దిద్దింది దీన్నే.

మొదటి చిత్తు: "చేర్యాల పటం. జానపద కళ. ఖాదీ మీద సహజ రంగులు. 36 అంగుళాలు × 15 అడుగులు."

ఇందులో అబద్ధం లేదు. కానీ పద్మశాలి ఇంటి పిల్లవాడు చదివితే ఇది తన కథ అని తెలియదు. నూట ఒక్క గోత్రాలు చెప్పుకునే కులం తన పుట్టుక కథగా నమ్మేదాన్ని మనం రంగుల రకంతో, కొలతతో సరిపెట్టాం. దేవుడి పటం అని మాత్రమే రాసిన ఇంకో చిత్తులో, బొమ్మ వేసిన మనిషి కనిపించకుండా పోయాడు. అదీ అన్యాయమే. దేవుడి బొమ్మ వేసినా చెయ్యి మనిషిదే, ఆ చేతికి పేరుంది.

చివరికి ఏ బోర్డైనా ఈ ప్రశ్నలకు జవాబివ్వాలని పెట్టుకున్నాం:

1. ఇది ఎవరి కథ?
2. బొమ్మ వేసింది ఎవరు? (వాళ్ల అనుమతితో, పూర్తి పేరుతో)
3. విప్పే హక్కు ఎవరిది, ఎప్పుడు విప్పుతారు?
4. దీని ముగింపు ఏమిటి?

సామగ్రి, కొలతలు వీటి తర్వాత, చిన్న అక్షరాల్లో. అక్షరం సైజు పెద్దవాటికి 36 పాయింట్లు, చిన్నవాటికి 24. ఐదడుగుల దూరం నుంచి కళ్లద్దాలు లేకుండా చదివించి చూశాక ఈ సైజులు ఖాయం చేశాం.

ఈ దశలోనే నగరం నుంచి ఒక అలంకరణ సంస్థ వాళ్లు ఫోన్ చేశారు. హోటల్ లాబీ గోడకి భావనారుషి వరసని పెద్దది చేసి అచ్చు వేస్తామని, పెద్ద సైజు ఫొటో ఇవ్వమని అడిగారు. ఇది ఎవరి కథో తెలుసా అంటే, ఎర్ర రంగు తమ డిజైన్‌కి కుదిరింది అన్నారు. ఇవ్వలేదు. నకాశీ చిత్రకారులు ఇవాళ గోడ పటాలు, ముసుగులు, తాళపు గుత్తుల బొమ్మలు చేసి అమ్ముతున్నారు. అది వాళ్ల నిర్ణయం, వాళ్ల బతుకు. హోటల్ వాళ్లకు కావాలంటే చేర్యాల వెళ్లి, దేన్ని అమ్మకానికి వేస్తారో అడిగి, వేయించుకోవచ్చని చెప్పాం. ఫొటోల సంగతి మాత్రం రాసిపెట్టాం: సంఘం, కథకులు, చిత్రకారుడు ముగ్గురూ ఒప్పుకుంటే తప్ప పెద్ద సైజు ఫొటో బయటికి పోదు.

దశ 8: కుంకుమ, నాణేలు

మొదటి కథ రోజున గాజు తలుపు తెరవగానే కొందరు అమ్మలు చెప్పులు వదిలి వచ్చి కిటికీ కింది చెక్కకు కుంకుమ పెట్టారు. నాణేలు ఉంచారు. ఒకామె పటాన్నే తాకబోయింది. ప్రదర్శనశాల పద్ధతి ప్రకారం "ముట్టుకోరాదు" అని రాయాలి. ఆ బోర్డు ఆమె ముందు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. కానీ కుంకుమలో ఉండే నూనె పూతలోకి ఇంకితే పోదు.

చేసినవి: కిటికీకి అడుగు ముందు, నడుము ఎత్తున టేకు పీట ఒకటి పెట్టాం. దాని మీద ఇత్తడి పళ్లెం. కుంకుమ, పూలు ఆ పళ్లెంలోకి. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకుండా చేతులు అక్కడే ఆగుతున్నాయి. హుండీ పెట్టమన్న సలహా వచ్చింది, పెట్టలేదు. పళ్లెంలో పడిన డబ్బు కథకులది, పాత పద్ధతి అదే. గ్రంథాలయం అందరిదీ కాబట్టి పూజ చేయని వాళ్లకు, వేరే మతాల వాళ్లకు ఇబ్బంది లేకుండా కుర్చీలు పక్క గోడ వైపు వేశాం. చెప్పులు విప్పడం పీట దాటి వచ్చేవాళ్లకే.

ఖర్చు: పీట, పళ్లెం 1,900, కథకుల బృందానికి నాలుగు కథలకు 24,000. ఇప్పటిదాకా: 47,670. కథకుల ఖర్చు సగం దాటింది. బడ్జెట్ తగ్గించాల్సి వస్తే టేకు బదులు పాత వేపచెక్క వాడండి, ఈ పద్దు జోలికి పోకండి.

దశ 9: ముగింపు కాగితం

నాలుగో ప్రశ్నకు బోర్డు మీద ఏమి రాయాలన్నది తేలడానికి అందరం కూర్చోవాల్సి వచ్చింది. హైదరాబాద్‌లోని జగదీష్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియం సేకరణలో 1625 నాటి పటం ఉంది. తేదీ తెలిసిన తెలంగాణ పటాల్లో పాతదిగా చెప్పేది అదే, అదీ భావనారుషి కథదే. సంఘంలో ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: దాన్ని కూడా నదిలో వదిలేసి ఉంటే, నాలుగు వందల ఏళ్ల కిందట మన కథ ఇలాగే ఉండేదని మనకు తెలిసేదా?

తెలిసేది కాదు. ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోలేను. దాచడం వల్ల దొరికిన జ్ఞానం నిజమైనదే. కానీ దాచాలా వదలాలా అన్నది తేల్చాల్సింది కొన్నవాడో పెట్టె కట్టినవాడో కాదు. అందుకని పెట్టె కట్టిన నేను ఓటు వేయకుండా కూర్చున్నాను. వాళ్లు తేల్చుకున్నది కాగితం మీద పెట్టాం:

1. పటం చిరిగి కథ చెప్పడానికి పనికిరానప్పుడు, ఆ సంగతి చెప్పేది కథకులు.
2. అప్పుడు సంఘం కొత్త పటం వేయిస్తుంది. కొత్తది పెట్టెలోకి వచ్చాక పాతదానికి పూజ చేసి నదిలో వదులుతారు.
3. ఫొటోలు, కొలతలు, నమూనా గుడ్డ ముక్కలు గ్రంథాలయంలో ఉంటాయి. చదువుకునే వాళ్లకు అడిగితే చూపిస్తారు.
4. పటాన్ని ఎవరికీ అమ్మరు, అప్పుగా ఇవ్వరు, ముక్కలు చేయరు.

సంతకాలు మూడు వైపులా అయ్యాయి. గ్రంథాలయం వాళ్లు రెండో అంశం దగ్గర చాలాసేపు ఆగారు. రిజిస్టర్‌లో ఎక్కిన వస్తువుని నీళ్లలో వదలడానికి వాళ్ల నిబంధనల్లో దారి లేదు. పటాన్ని గ్రంథాలయం రిజిస్టర్‌లో ఎక్కించకుండా, సంఘం ఆస్తిగానే ఉంచి, పెట్టెని మాత్రం గ్రంథాలయానికి రాసిచ్చాం. ఇదే పని చేసేవాళ్లు ఈ మెలిక ముందే చూసుకోండి. ఒకసారి రిజిస్టర్‌లో ఎక్కితే తీయడం కష్టం.

మిగిలిన పనులు

- తేమని 68 నుంచి 65కి దింపడం. జాలీ కంతలు ఇంకో రెండు తీసి చూడాలి.
- కింది రోలర్ ఎడమ బేరింగు వానాకాలంలో బిగుసుకుంటోంది. కొయ్య ఉబ్బి ఇరుసుని నొక్కుతోంది. పట్టు ఉన్న చోట అర మిల్లీమీటరు చివ్వాలి.
- కథ మొత్తం పాటలతో సహా ధ్వని ముద్రణ. కథకులు ఒప్పుకున్నారు, ప్రతి ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా మాట్లాడాలి.
- పక్క గోడ బోర్డుల్లో వార్లీ దాన్ని తిరగరాయాలి. చౌక్ ఎలా వేస్తారో తెలిసిన స్త్రీల మాటలు అందులో ఇంకా లేవు.